అనిమోన్ కుదురుకునే దాకా

మా ఇంటి ఉప్పునీటి ట్యాంకుకు వచ్చిన మొదటి సీ అనిమోన్, అంటే రాతికి అంటుకుని పువ్వులా విప్పారే సముద్రజీవి, 11 రోజులే బతికింది. పన్నెండో రోజు పొద్దున హాల్లోకి వచ్చి చూస్తే ట్యాంకు నీళ్ళు గంజి కలిపినట్టు తెల్లబడి ఉన్నాయి. నీటిలో అలలు పుట్టించడానికి కుడివైపు అద్దానికి బిగించిన వేవ్‌మేకర్ పంపు గరగరమని శబ్దం చేస్తోంది. దాని జల్లెడ సందుల్లో లేత గోధుమరంగు పీలికలు చిక్కుకుని వేలాడుతున్నాయి. రాత్రి ఏదో ఒక వేళ అది రాయి వదిలి, అద్దం వెంట పాకుతూ వెళ్ళి, తిరుగుతున్న పంపులో పడి ముక్కలైపోయింది. అలా ముక్కలైన శరీరం నీళ్ళలో కలిస్తే అమ్మోనియా గంటల్లోనే పెరుగుతుంది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ముందే కలిపి ఉంచిన 30 గ్యాలన్ల ఉప్పునీటితో నీళ్ళు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ సంచులు రెండు వేసి, సాయంత్రానికి రెండు క్లౌన్ చేపలను దక్కించుకున్నాను గానీ, ఇసుకలో తిరిగే చిన్న గోబీ చేప దక్కలేదు.

తప్పు నాదే. ట్యాంకు పెట్టి అప్పటికి నాలుగు నెలలే అయింది. దుకాణంలో మల్లెపువ్వులా తెల్లగా ఉందని ముచ్చటపడి కొన్న ఆ అనిమోన్ నిజానికి రోగి; దాని ఒంట్లో ఉండి వెలుతురుతో ఆహారం తయారుచేసి పెట్టే జోజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెళ్ళిపోవడం వల్ల వచ్చిన తెలుపు అది. పంపుకు తొడుగు లేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, అది నాకు నచ్చిన చోట ఉండడం లేదని ఆ 11 రోజుల్లో మూడుసార్లు పాదం (రాతిని పట్టుకునే అడుగుభాగం) పీకి నడిమి రాతి మీద పెట్టడం. తరువాత చదివి తెలుసుకున్న ఒక సంగతి నన్ను ఇంకా బాధపెట్టింది. స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ గ్రాహం డాలియెల్ 1828లో సముద్రతీరంలో సేకరించి గాజుపాత్రలో పెంచిన ఒక అనిమోన్, ఆయన పోయిన తరువాత కూడా చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. దానికి ‘గ్రానీ’ అని ముద్దుపేరు కూడా ఉండేది. అది చల్లని నీటి జాతి, నాది పగడపు దిబ్బల జాతి, నిజమే. అయినా మనిషి ఆయువుతో పోటీపడగల ప్రాణి నా చేతిలో రెండు వారాలు కూడా నిలవలేదన్నది మింగుడుపడని విషయం.

అనిమోన్ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. మాది విశాఖపట్నం. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళ మధ్య మిగిలిపోయే గుంటల్లో, పీతలనూ నత్తలనూ వెతుకుతూ గడిపిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి. రాతికి అంటుకుని విప్పారిన ఆ జీవి మధ్యలో వేలు పెడితే, మైదా పిండి అంటినట్టు స్పర్శకాలు సన్నగా అతుక్కుని, మరుక్షణం అది మొత్తం ముడుచుకుపోయి ఒక బొడిపెలా మిగిలేది. దాని పేరు సముద్ర అనిమోన్ అని ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. సన్యాసి పీత గుల్ల మీద ఎక్కి ఊరేగే అనిమోన్ బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నాం. అది ఆ రాయిని ఎంచుకోవడానికి ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటుందో అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

ఇప్పుడు నేనుండేది టెక్సస్‌లోని ప్లేనోలో. సముద్రం మాకు ఎటు చూసినా నాలుగైదు గంటల ప్రయాణం. ట్యాంకు 75 గ్యాలన్లది, అంటే దాదాపు 284 లీటర్లు. రెండో అనిమోన్ తేవడానికి ముందు ఇంకో 11 నెలలు ఆగాను. అంతకాలం ఆగడం దేనికని అడిగేవారుంటారు. కొత్త ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగడం ఒకటి రెండు నెలల్లో జరిగిపోతుంది, పరీక్ష గొట్టాల్లో రంగులన్నీ బాగానే కనిపిస్తాయి. కానీ రాళ్ళలో సూక్ష్మజీవులు పూర్తిగా నెలకొనడానికీ, నైట్రేట్, ఫాస్ఫేట్ ఒక వారం ఎక్కువ ఒక వారం తక్కువ కాకుండా ఒక తీరున నడవడానికీ ఏడాది దాకా పడుతుంది. అనిమోన్‌కు కావలసింది ఆ నిలకడే. ఎముక, పెంకు ఏదీ లేని జీవి. నీళ్ళే దాని అస్థిపంజరం. నీటి తీరు మారితే తప్పించుకోవడానికి దానికి చర్మం తప్ప వేరే అడ్డు లేదు.

రెండో ప్రయత్నం నాటికి నా నీళ్ళ లెక్కలు ఇలా ఉండేవి: ఉప్పదనం సాపేక్ష సాంద్రతలో 1.026, ఉష్ణోగ్రత 25.5 డిగ్రీల సెల్సియస్, ఆల్కలినిటీ 8.3 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.05. ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు సాధించాలని ఎవరూ పట్టుబట్టనక్కరలేదు. రెండు నెలలుగా అవి కదలకుండా ఉన్నాయన్నదే నా ధైర్యం. ఒక్క ఉప్పదనం విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. మొదటిసారి, ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్ళతో సున్నాకు సరిచేసి సరిపెట్టుకున్నాను; తరువాత 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల) ప్రామాణిక ఉప్పు ద్రావణం కొని చుక్క వేసి చూస్తే, నేను 1.025 అనుకుంటున్న నీళ్ళు నిజానికి 1.022 మాత్రమే అని తేలింది. చేప ఆ తేడాను ఓర్చుకుంటుంది. అనిమోన్ ఓర్చుకోదు.

నీటి గురించి ఇంకొక మాట చెప్పి ముందుకు వెళతాను. మా ప్రాంతంలో కుళాయి నీటిని క్లోరమైన్‌తో శుద్ధి చేస్తారు. ప్రతి వసంతంలో కొన్ని వారాలు గొట్టాల శుభ్రత కోసం క్లోరమైన్ ఆపి ఉత్త క్లోరిన్ వాడతారు. రెండింటినీ పట్టుకునేది ఆర్‌ఓ యంత్రంలోని కార్బన్ గొట్టమే. క్లోరమైన్‌ను కార్బన్ విడగొట్టినప్పుడు మిగిలే అమ్మోనియాను చివరి గొట్టంలోని రెజిన్ పీల్చుకోవాలి. రెజిన్ అరిగిపోతే ఆ అమ్మోనియా నేరుగా మన బకెట్‌లోకి వస్తుంది. అందుకని అనిమోన్ రావడానికి ముందు రెండు గొట్టాలూ కొత్తవి వేసి, టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే నీళ్ళు పట్టాను. ఆ నీళ్ళలో ఉప్పు కలుపుతుంటే, వారం క్రితమే విశాఖ నుంచి వచ్చిన మా అమ్మ చూసి, “సముద్రం ఒడ్డున పుట్టి, ఇక్కడ ఉప్పు కొనుక్కుని సముద్రం చేసుకుంటున్నావేట్రా?” అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రీఫ్ కట్టే పగడాలన్నీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు కనుక, విశాఖలోని మా బంధువులెవరైనా ఇలాంటి పగడాల ట్యాంకు పెట్టుకుంటామని అడిగితే మాత్రం వద్దనే చెబుతాను.

ఏర్పాట్లలో అసలు పని పంపుల దగ్గర జరిగింది. ట్యాంకులో రెండు వేవ్‌మేకర్లు ఉన్నాయి. రెండింటికీ ముతక స్పాంజి తొడుగులు కత్తిరించి, చుట్టూ ప్లాస్టిక్ జిప్ టైలతో బిగించాను. నీళ్ళు ట్యాంకు కింది సంప్ తొట్టిలోకి దిగే ఓవర్‌ఫ్లో జల్లెడ పళ్ళకు కూడా సన్నని వల కట్టాను. హీటర్‌ను సంప్‌లోకి మార్చాను, ఎందుకంటే వెచ్చగా ఉందని దాన్ని ఆనుకున్న అనిమోన్ కాలిపోయిన సంగతులు విన్నాను. దీపాల విషయానికొస్తే, ఒక తోటి ట్యాంకు పెంపకందారుని దగ్గర శైవలాలకు పనికివచ్చే వెలుతురును కొలిచే పార్ మీటర్ అరువు తెచ్చి కొలిస్తే, నేను అనుకున్న రాతి మీద 190 వచ్చింది. అమ్మేవారి ట్యాంకులో అంత లేదు కనుక ఎల్‌ఈడీల తీవ్రతను సగానికి తగ్గించాను.

ఈసారి దుకాణానికి వెళ్ళలేదు. డెంటన్ దగ్గర ఒకాయన ట్యాంకులో బబుల్ టిప్ అనిమోన్ రెండుగా చీలి, ఆ రెండూ నాలుగై, వాటిలో ఒకటి అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. శాస్త్రీయంగా దీన్ని ఎంటాక్మియా క్వాడ్రికలర్ అంటారు. ఇళ్ళలో పెంచడానికి ఉన్నవాటిలో ఓర్పుగల జాతి ఇదే. సముద్రం నుంచి పట్టి, విమానాల్లో తిరిగి, మూడు దుకాణాలు మారిన జీవికంటే, ట్యాంకులోనే పుట్టి అక్కడి నీళ్ళకూ దీపాలకూ అలవాటుపడిన పిల్ల ఎన్నో రెట్లు నయం. నేను అక్కడ నాలుగు విషయాలు చూశాను. నోరు దారం లాగి బిగించిన చిక్కం మూతిలా ముడుచుకుని ఉంది. నోరు తెరుచుకుని లోపలి పేగులాంటిది కనిపిస్తుంటే ఆ జీవిని కొనకూడదు. రంగు ముదురు గులాబీ, దాని కింద గోధుమ ఛాయ, అంటే శైవలాలు ఉన్నాయి. పిపెట్‌తో మెల్లగా ఆహారం తాకిస్తే స్పర్శకాలు పట్టుకుని వదలలేదు. ఇక పాదం. ఆయన రాతి అంచున గోరు పెట్టి, అప్పడం పీట నుంచి పల్చని అప్పడాన్ని లేపినట్టు, ఒక అంచు ఊడాక ఇంకో అంచు, ఇలా పావుగంటసేపు లేపి తీశారు. తిరగేసి చూపిస్తే ఎక్కడా చిరుగు లేదు. పాదం చిరిగిన అనిమోన్ చాలావరకు బతకదు కనుక, ఆ పావుగంట ఓపికకే నేను డబ్బిచ్చాననుకుంటాను.

థర్మకోల్ పెట్టెలో సంచి పెట్టుకుని ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. సంచిని 20 నిమిషాలు ట్యాంకు నీళ్ళలో తేలనిచ్చి వేడి సమం చేశాను. తరువాత దాన్ని చిన్న బకెట్‌లోకి ఒంపి, ట్యాంకు నుంచి సన్నని గాలిగొట్టం వేసి, గొట్టానికి ఒక ముడి వేసి, సెకనుకు రెండు మూడు చుక్కలు పడేటట్టు అమర్చాను. ఆయన నీళ్ళు 1.024, నావి 1.026. గంటసేపటికి బకెట్‌లో నీళ్ళు మూడింతలయ్యాయి, రెండు అంకెలూ దాదాపు ఒక్కటయ్యాయి. పగడాలను ముంచే అయోడిన్ వంటి మందు నీళ్ళలో అనిమోన్‌ను ముంచకూడదు. బకెట్ నీళ్ళు కూడా ట్యాంకులోకి పోయలేదు.

రెండు పంపులూ ఆపి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, దాన్ని రెండు అరచేతుల్లో పట్టి నీటిలోకి దించాను. రెండు రాళ్ళు ఆనుకున్న చోట బొటనవేలు దూరేటంత సందు ఉంది. పాదాన్ని ఆ సందు మీద ఉంచాను. ఈ జాతి పాదం చీకటినీ బిగువునూ కోరుతుంది, స్పర్శకాలు వెలుతురును కోరతాయి. ఈ రెండూ ఒకేచోట దొరికితే నిలుస్తుంది. కానీ పీకి తెచ్చిన పాదం వెంటనే అతుక్కోదు, చిన్న కెరటానికే కొట్టుకుపోతుంది. అందుకని స్ట్రాబెర్రీలు అమ్మే జాలీ ప్లాస్టిక్ బుట్టను వేడి నీళ్ళతో కడిగి, దాని మీద బోర్లించి, పైన ఒక రాయి పెట్టాను. బుట్ట వల్ల ఇంకొక లాభం కూడా ఉంది: కొత్తది ఏమిటా అని క్లౌన్ చేపలు వచ్చి పొడవకుండా ఉంటాయి. అరగంట తరువాత ఒక పంపును తక్కువ వేగంలో వేశాను.

ఆ రాత్రి దాన్ని చూసినవారెవరూ అది బతికి ఉందని నమ్మరు. నీళ్ళన్నీ వదిలేసి, నానబెట్టి పిండేసిన చింతపండు ముద్దలా అయిపోయింది. నోట్లోంచి గోధుమరంగు జిగురు తీగలా వేలాడుతోంది. మొదటి అనిమోన్ కూడా ఇలాగే చేస్తే అప్పట్లో నేను కంగారుపడి దాన్ని కదిలించాను. అసలు సంగతి ఏమిటంటే, అనిమోన్‌కు తినడానికీ విసర్జించడానికీ ఒక్కటే ద్వారం; లోపలి పాత నీళ్ళనూ, మలినాన్నీ, కొన్ని శైవలాలనూ బయటికి నెట్టి, కొత్త నీళ్ళు నింపుకోవడానికి అది ముందు ముడుచుకోవాలి. కొత్త చోటికి వచ్చిన మొదటి వారం రోజుకు ఒకటి రెండుసార్లు ఇది జరగవచ్చు. జబ్బుకూ దీనికీ తేడా తెలుసుకోవడానికి నేను చూసేది వాసన, నోరు, సమయం. చచ్చిపోతున్న అనిమోన్ కంపు గదంతా నిండుతుంది, నోరు వేలాడుతుంది, ముట్టుకుంటే కండ కరిగి ఊడివస్తుంది. ఇది తెల్లవారేసరికి నిమ్మకాయంత ఉబ్బింది, మధ్యాహ్నానికి అరచేయంత విప్పారింది.

మూడో రోజు ఉదయం బుట్ట అంచు కొద్దిగా లేపి, పిపెట్‌తో నీటి ధార కొట్టి చూశాను. పాదం కదలలేదు, అంటే పట్టింది. బుట్ట తీసేశాను. ఆ రాత్రి పదిన్నరకు దీపాలు ఆరే వేళకు అది పెట్టినచోటే ఉంది, నేను నిశ్చింతగా పడుకున్నాను.

మా అమ్మకు ఇంకా మన దేశపు వేళలే నడుస్తున్నాయి. రాత్రి రెండు దాటితే నిద్ర ఉండదు, ఒక్కతే హాల్లో కూర్చునేది. మూడు గంటలకు నన్ను లేపింది. “ఒరే, నీ పువ్వు ఇల్లు మారిపోతందిరా” అని. టార్చ్ లైటుకు ఎర్ర కాగితం చుట్టి వెళ్ళి చూస్తే, నిజంగానే అనిమోన్ సందు వదిలి రాతి పక్కగోడ మీదికి వచ్చింది. దాని నడక నేను అప్పుడే మొదటిసారి చూశాను. పాదానికి ముందున్న అంచు రాయిని వదిలి పల్చగా ముందుకు సాగుతుంది, అతుక్కుంటుంది. ఆ వెనకే ఒక ముడత, నీటి మీద అలలాగ, పాదమంతా దాటి వెనక అంచు దాకా పాకుతుంది. అప్పుడు వెనక అంచు ఊడి ముందుకు వస్తుంది. కంటికి కదలిక తెలియదు, కానీ రాతి మీద ఒక ఊదారంగు మచ్చను గుర్తు పెట్టుకుని చూస్తే, ఒక గంటలో దాదాపు మూడు వేళ్ళ వెడల్పు జరిగింది. అది వెళుతున్నది ఎడమ పంపు దిక్కుగా. చేతులు దాన్ని తీసి వెనక్కి పెట్టమని పెడుతున్న తొందర అంతా ఇంతా కాదు. స్పాంజి తొడుగు బిగువుగా ఉందో లేదో తడిమి చూసి, పంపును ఒక మెట్టు తగ్గించి, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను. అమ్మ టీ పెట్టింది. తెల్లవారుజామున అయిదింటికి అది పంపుకు జానెడు దూరంలో ఆగి, ఏమనుకుందో ఏమో, దిశ మార్చి రాళ్ళ వెనక్కి దిగిపోయింది.

ఆ తరువాత నాలుగు రోజులు అది కనిపించలేదు. రాళ్ళకూ వెనక అద్దానికీ మధ్య ఉన్న చీకట్లో, ఫోన్ కెమెరాను పక్కనుంచి పెట్టి తీస్తే ఒక గులాబీరంగు అంచు మాత్రం కనిపించేది. వెలుతురు లేని చోట అది ఎన్నాళ్ళు బతుకుతుంది, లోపల చచ్చిపోతే ఎలా తెలుస్తుంది, రాళ్ళన్నీ తీసి చూడనా అని ఒకటే సతమతమయ్యాను. నేను ఎనిమిదోసారి ట్యాంకు వెనక్కి తల దూర్చినప్పుడు అమ్మ అన్నమాట ఇది: “నాటేసిన మడిలోకెళ్ళి రోజూ మొక్క పీకి, వేరు పట్టిందా లేదా అని చూస్తారేట్రా ఎవరైనా?” వాళ్ళ పుట్టింటివారు విజయనగరం వైపు వరి రైతులు. పీకి నాటిన నారు మొదట వాడి, పసుపుపచ్చబడి, వారానికి గానీ తేరుకోదని ఆమె చూసిన విషయం. రాళ్ళు తీయలేదు. దాని బదులు పొద్దునా సాయంత్రం అమ్మోనియా పరీక్ష చేశాను, నీటిని వాసన చూశాను. అమ్మోనియా సున్నా, వాసన సముద్రపు వాసనే. చేపలు మామూలుగా తిరుగుతున్నాయి. చనిపోయిన అనిమోన్ దాగి ఉండలేదని ఆ మూడింటితో నమ్మకం కుదిరింది.

తొమ్మిదో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి అది కుడివైపు చివరి రాతి మీద ఉంది. పాదం కనిపించడం లేదు, లోతైన సందులో దూరి ఉంది. పైభాగం మాత్రం దీపం కింద విప్పారి, స్పర్శకాల చివర్లలో కొన్నిటికి ద్రాక్షపండు లాంటి బుడగలు కూడా వచ్చాయి. ట్యాంకుల్లో చాలా బబుల్ టిప్‌లకు ఈ బుడగలు పోయి స్పర్శకాలు పొడవుగా సాగుతాయి. అది అనారోగ్యమేమీ కాదు గానీ, బుడగలు చూడడం ఆనందమే. పార్ మీటర్‌తో కొలిస్తే, తగ్గించిన దీపాల కింద అక్కడ 110, నేను ముందు పెట్టిన నడిమి రాతి మీద కంటే ఎక్కువే. నీటి ఒరవడి మాత్రం అక్కడికంటే మెత్తన. నేను హాల్లోని సోఫా నుంచి అందంగా కనిపించాలని నడిమి రాయి ఎంచాను. దానికి సోఫాతో పని లేదు.

చిక్కు ఒక్కటే వచ్చింది. ఆ రాతికి పక్కనే నా టార్చ్ కోరల్ అనే పగడం ఉంది, అనిమోన్ స్పర్శకాలు విప్పారితే దాని తలల్లో రెండింటిని తాకుతున్నాయి. ఎవరు ఎవరిని కుట్టినా నష్టమే. పాత అలవాటు ప్రకారం అయితే అనిమోన్‌ను జరిపేవాణ్ణి. ఈసారి పగడాన్నే రాతి నుంచి విడదీసి, జిగురు ముద్దతో అడుగున్నర దూరంలో వేరే రాతికి అతికించాను. పగడం పెట్టినచోట ఉంటుంది, అనిమోన్ ఉండదు. అందుకని ఖాళీ చేయవలసింది ఎప్పుడూ పగడమే.

ఆహారం మొదటి తొమ్మిది రోజులు పెట్టలేదు. పదో రోజున కరిగించిన మైసిస్ అనే చిట్టి రొయ్యలు నాలుగైదు పిపెట్‌తో వదిలితే స్పర్శకాలు పట్టుకున్నాయి. ఆ చుట్టుపక్కల అంచు అరచేయి ముడిచినట్టు లోపలికి వంగి, నోరు వెడల్పై, ఒక్కొక్కటీ లోపలికి పోయింది. అది చూసి నాకు ఉత్సాహం ఎక్కువై, పదమూడో రోజు వంటకు తెచ్చిన పచ్చి రొయ్య నుంచి ఉసిరికాయంత ముక్క కోసి ఇచ్చాను. మింగింది. మర్నాడు పొద్దున ఆ ముక్క తెల్లగా, జిగురు కమ్మి, అలాగే ఇసుకలో పడి ఉంది. జీర్ణం చేసుకోలేనిది కక్కడానికి అది చాలా శక్తి ఖర్చు చేస్తుంది. ఆ రెండు రోజులూ మళ్ళీ ముడుచుకుని ఉంది. అప్పటి నుంచి శనగగింజ కంటే పెద్ద ముక్క ఇవ్వలేదు, వారానికి ఒక్కసారి కంటే ఎక్కువ ఇవ్వలేదు. రొయ్య పచ్చిదై, ఉప్పూ నిల్వ మందులూ కలపనిదై ఉండాలి. దీపం సరిగా ఉంటే ఈ జీవికి తిండిలో పెద్ద భాగం లోపలి శైవలాలే పెడతాయి. మనం పెట్టేది పైపైన పెట్టే పచ్చడి లాంటిది.

దీపాల తీవ్రతను నాలుగు రోజులకొకసారి అయిదు శాతం చొప్పున పెంచుతూ వచ్చాను, దాదాపు ఆరు వారాలు పట్టింది. అయిదో వారంలో ఒక గందరగోళం జరిగింది. అనిమోన్ కాండం సన్నగా పొడుగ్గా సాగి, స్పర్శకాలు తీగల్లా వేలాడడం మొదలైంది. సాగడం అంటే వెలుతురు చాలకపోవడమని పుస్తకాల్లో చదివి ఉన్నాను గనుక తీవ్రత ఒక్కసారి పెంచబోయాను. అంతలో, నీటి పైమట్టం మామూలుకంటే నిశ్చలంగా ఉన్నట్టు తోచి పంపుల మీద చెయ్యి పెడితే, ధార లేనే లేదు. స్పాంజి తొడుగులు చెత్త పట్టి, నాచు పట్టి, గోనెసంచుల్లా మందమైపోయాయి. రెండు తొడుగులూ తీసి ట్యాంకు నీళ్ళలోనే పిండి కడిగి పెట్టాను. మర్నాటికి అనిమోన్ మళ్ళీ పొట్టిగా, గుండ్రంగా, బిగువుగా అయింది. అప్పటినుంచి ప్రతి మూడో రోజూ తొడుగులు పిండడం నా పళ్ళు తోముకునే పని పక్కన చేరింది.

క్లౌన్ చేపల సంగతి అందరూ ముందు అడుగుతారు, నేను చివరికి తెచ్చాను, ఎందుకంటే అనిమోన్‌కు అవి అవసరం లేదు. నా దగ్గరున్నవి ఆసెల్లారిస్ జాతివి, నారింజ రంగు మీద మూడు తెల్లపట్టీలు. సముద్రంలో ఇవి హెటెరాక్టిస్ మాగ్నిఫికా, స్టైకోడాక్టిలా జైగాంటియా, స్టైకోడాక్టిలా మెర్టెన్సియై అనే మూడు అనిమోన్లలోనే కాపురం ఉంటాయి. బబుల్ టిప్ వాటి సొంతిల్లు కాదు, ట్యాంకుల్లో సర్దుకుంటే సర్దుకుంటాయి, లేకుంటే లేదు. నావి ఏడాదికి పైగా ఎడమ మూల అద్దం దగ్గరే పడుకునేవి, అనిమోన్ కుదురుకున్నాక కూడా నెలంతా అటు తొంగిచూడలేదు. ఆరో వారంలో ఒక సాయంత్రం పెద్ద చేప, అంటే ఆడది, అనిమోన్ అంచుకు వెళ్ళి తోక మాత్రం తాకించి, చురుక్కుమన్నట్టు చటుక్కున వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి ఈసారి పొట్టకింది రెక్క తాకించింది. అలా ఒక గంటసేపు, పొయ్యి మీది పెనం కాలిందా లేదా అని చూసినట్టు, తాకుతూ వెనక్కి తగ్గుతూ గడిపింది. ఆ తాకుళ్ళతోనే దాని ఒంటి మీది జిగురు పొర అనిమోన్ దంశకణాలకు (కుట్టే కణాలకు) పరాయిది కాకుండా పోతుంది. మర్నాడు మెడదాకా దూరింది, మూడో రోజు రాత్రి రెండు చేపలూ లోపలే నిద్రపోయాయి. నేను అనిమోన్‌కు ఇచ్చే రొయ్య ముక్కను మగది మధ్యలో లాక్కుని పారిపోవడం కూడా అప్పుడే మొదలైంది. అందుకని ముందు చేపలకు పెట్టి, అవి తింటుండగా అనిమోన్‌కు ఇస్తున్నాను.

మే నెలాఖరుకు లెక్క చూసుకుంటే, పాదం ఆ సందులో పడి 11 వారాలైంది, వేలి వెడల్పు కూడా జరగలేదు. పైభాగం పూర్తిగా విప్పారితే 18 సెంటీమీటర్లు. ఇక నడవదనే ధీమాతో స్పాంజి తొడుగులు తీసేసి, పంపు కంపెనీ ఇచ్చిన సన్నని జల్లెడలు వేసి, స్ట్రాబెర్రీ బుట్టను గ్యారేజీలో పెట్టాను.

జులై రెండో వారంలో ఒక ఆదివారం, అమ్మ పూజ ముగించుకుని వచ్చి ట్యాంకు ముందు నిలబడి, “ఇదేట్రా, దీనికి రెండు నోళ్ళేటి?” అంది. అనిమోన్ కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంది. పాదంలో ఒక సగం సందును పట్టుకుని ఉంటే, రెండో సగం సందు అంచు ఎక్కి అవతలి పక్కకు లాగుతోంది. నడుమ కండ గుడ్డ చిరిగినట్టు నిలువునా చిరుగుతోంది. బబుల్ టిప్‌లు పిల్లలను చేసే పద్ధతి ఇదే, తనను తాను చీల్చుకోవడం. సాయంత్రానికి ఇద్దరయ్యారు. ఒకటి పాత సందులోకే ముడుచుకుంది. రెండోది, చిరిగిన పక్కను లోపలికి దాచుకుని నిమ్మకాయంత అయి, చీకటి పడేసరికి రాతి మీద నుంచి ఎడమ పంపు దిక్కుగా బయలుదేరింది. నేను గ్యారేజీకి వెళ్ళి స్పాంజి తొడుగులు తెచ్చి పంపులకు బిగిస్తుంటే, అమ్మ కుర్చీ ట్యాంకు ముందుకు లాక్కుని, టీ పెట్టమంది.